నుదుటి మీద ఉల్టా, వీపు మీద సీదా: ఒంటి మీద రాసిన అక్షరం ఎందుకు తిరగబడుతుంది?

మీరు అడిగింది ఇదీ: మీ మేనల్లుడికి ఏడేళ్లు, పుట్టుకతోనే చూపు లేదు. చెక్క అంకెలను తడిమి గుర్తుపట్టడం వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఆటలాగా వాడి ఒంటి మీద వేలితో అంకెలు రాసి అడుగుతున్నారు. వీపు మీద రాస్తే సరిగ్గా చెబుతున్నాడు. నుదుటి మీదో అరచేతిలోనో రాస్తే మాత్రం ఒక్కోసారి తిరగేసి చెబుతున్నాడు. లోపం వాడిదా, రాసేవాళ్లదా? అసలు చూడకుండా కుడి ఎడమలు, దిక్కులు ఎట్లా తెలుస్తాయి?

లోపం ఎవరిదీ కాదు. నేను మహబూబ్‌నగర్ జిల్లాలో ఐఈఆర్‌పీగా పనిచేస్తున్నాను. అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు భవిత కేంద్రంలో చదువు చెబుతాను, కేంద్రానికి రాలేని పిల్లల ఇళ్లకు నేనే వెళ్తాను. ఈ తిరకాసు చూపున్న వాళ్లకూ ఉంటుంది. నమ్మకపోతే మీ ఇంట్లోనే ఒకరిని కళ్లు మూసుకోమని, ఎదురుగా నిలబడి నుదుటి మీద ఇంగ్లిష్ చిన్నబడి 'బి' రాయండి. చాలామంది 'డి' అంటారు, కొందరు 'బి' అనే అంటారు. తర్వాత వెనక్కి వెళ్లి అదే అక్షరాన్ని వీపు మీద రాయండి. దాదాపు అందరూ 'బి' అనే చెబుతారు.

చర్మానికి తెలిసేది ఎక్కడ తాకింది, ఎటు జరిగింది అన్నంత వరకే. ఆ 'ఎటు' కూడా ఒంటి లెక్కలోనే ఉంటుంది: ఎడమ చెవి వైపు జరిగింది, ముక్కు వైపు దిగింది, ఇట్లా. అది అక్షరం కావాలంటే ఆ గీతను ఎక్కడ నిలబడి చదవాలో మెదడు ముందు తేల్చుకోవాలి. ఎదురుగా నిలబడి నుదుటి మీద 'బి' రాస్తే దాని పొట్ట రాసేవాళ్లకు కుడివైపు ఉంటుంది, మీకు ఎడమ చెవి వైపు వస్తుంది. మీరు తల లోపలి నుంచి బయటికి చూస్తున్నట్టు చదివితే పొట్ట ఎడమకు ఉంది కాబట్టి 'డి'. రాసేవాళ్ల చోట నిలబడినట్టు ఊహించుకుని చదివితే 'బి'. రెండూ తప్పు కావు. వీపు దగ్గర ఈ గొడవే లేదు. వెనక నిలబడ్డవాళ్ల కుడీ మీ కుడీ ఒకే వైపు కాబట్టి ఎక్కడ నిలబడి చదివినా అక్షరం మారదు.

అరచెయ్యి ఇంకా చిక్కు, ఎందుకంటే అది నిలకడగా ఉండదు. చెయ్యి ముందుకు చాపి అరచెయ్యి పైకి పెట్టుకున్న పిల్లవాడికి మీరు ఎదురుగా కూర్చుని 6 రాస్తే, వాడి వైపు నుంచి అది 9. ఇది తలకిందులు కావడం, అద్దంలోలా తిరగబడటం కాదు. అదే చెయ్యిని 'ఆగు' అన్నట్టు నిలబెట్టి, అరచెయ్యి మీ వైపు తిప్పితే, ఇప్పుడు నుదుటి కథే మళ్లీ వస్తుంది: చాలామంది చెయ్యి వెనక నుంచి, అంటే తమ ముఖం వైపు నుంచి చదువుతారు, అక్షరం అద్దంలోలా మారిపోతుంది. కాబట్టి వాడు తిరగేసి చెప్పినప్పుడు ఏ రకంగా తిరిగిందో గమనించండి. 6ని 9 అంటే మీరు కూర్చున్న చోటు మార్చుకుంటే చాలు. 3 రాస్తే దాని పొట్టలు రెండో పక్కకు వచ్చాయని చెబితే, వాడు లోపలి నుంచి చదువుతున్నాడు.

తెలుగు అక్షరాలతో ఈ ఆట ఆడితే ఇంకో విచిత్రం కనిపిస్తుంది. ఇంగ్లిష్‌లో 'బి'ని తిరగేస్తే 'డి' వస్తుంది. మన తెలుగు లిపి అక్షరాలు తిరగేస్తే చాలావరకు ఇంకో అక్షరం రాదు, అసలు అక్షరమే కాకుండా పోతుంది. అందుకే మా దగ్గర పిల్లలు నుదుటి మీద రాసినప్పుడు తప్పు అక్షరం చెప్పరు, "గిది అక్షరమే కాదు మేడం" అంటారు. బ్రెయిలీకి వచ్చేసరికి ఆ సుఖం పోతుంది. బ్రెయిలీలో ఒక్కో అక్షరానికి ఆరు చుక్కల గడి ఉంటుంది: ఎడమ వరుసలో పై నుంచి కిందికి 1, 2, 3, కుడి వరుసలో 4, 5, 6. మన దేశ భాషలకు వాడే భారతీ బ్రెయిలీలో 'హ' అంటే 1, 2, 5 చుక్కలు, 'జ' అంటే 2, 4, 5. ఒకటి రెండోదానికి అచ్చంగా అద్దం బొమ్మ. 'ఇ', 'ఏ' కూడా అంతే. హారం, జారం అని తడబడే పిల్లలను చూసి తల్లిదండ్రులు టెన్షన్ పడతారు. వేలికి చుక్కలు తెలియక కాదు, ఏ పక్క మొదటిదో ఇంకా కుదురుకోక.

వేలికి చుక్కలు తెలియకపోవడమనే సమస్య నిజానికి చాలా తక్కువ. జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ వెబర్ 1834లో ప్రచురించిన పుస్తకంలో ఒంటి మీద వేర్వేరు చోట్ల రెండు మొనలు తాకించి, ఎంత దూరముంటే అవి రెండుగా తెలుస్తాయో కొలిచి చెప్పాడు. వేలి కొన మీద సుమారు 2 మిల్లీమీటర్లు చాలు. వీపు మీద 4 సెంటీమీటర్ల దాకా కావాలి. బ్రెయిలీ చుక్కల మధ్య దూరం సుమారు 2.5 మిల్లీమీటర్లు, అంటే వేలి కొన హద్దుకు కొంచెం పైన. కాబట్టి వీపు మీద రాసేటప్పుడు అక్షరం జానెడంత రాయండి. చిన్నగా రాసి, తప్పు చెప్పాడని కోప్పడితే ఆ తప్పు వీపుది.

స్లేటు, స్టైలస్ సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే మీరు త్వరలోనే అక్కడికి వస్తారు. బ్రెయిలీ స్లేటు అనే గళ్ల పలకలో కాగితం పెట్టి, స్టైలస్ అనే మొన ఉన్న పనిముట్టుతో పొడిస్తే చుక్క అవతలి వైపు లేస్తుంది. అంటే రాయడం కుడి నుంచి ఎడమకు, ప్రతి అక్షరమూ తిరగేసి. కాగితం తీసి తిప్పితే చదవడం ఎడమ నుంచి కుడికి. రాసేటప్పుడు ఒకటో చుక్క కుడి చేతి వైపు, చదివేటప్పుడు ఎడమ చేతి వైపు. మా ట్రెయినింగ్‌లో దీని దగ్గర తల పట్టుకునేది టీచర్లే. పుట్టుకతో చూపులేని పిల్లలు పెద్దగా తికమక పడరు. వాళ్లకు కాగితం మీద అక్షరం ఇట్లా 'కనిపించాలి' అన్న బొమ్మ ముందే లేదు, చెయ్యి కదలిక ఒకటి, వేలికి తగిలేది ఒకటి, రెండూ రెండు విద్యలుగా వచ్చేస్తాయి. మధ్యలో మనం దూరి "ఇది దానికి రివర్స్ నాన్నా" అని వివరించి చెడగొడతాం. నేను కుడి, ఎడమ అనే మాటలే వాడను. 'ముందు వచ్చే వరుస', 'తర్వాత వచ్చే వరుస' అంటాను. చదివినా రాసినా ఆ మాట మారదు.

ఇక మీ ప్రశ్నలో పెద్ద భాగం: చూపు లేకుండా చెయ్యి ఎక్కడుందో, వస్తువు ఎటుందో ఎట్లా తెలుస్తుంది? చర్మం ఒక్కటే కాదు, కండరాలు, కీళ్లు కూడా మెదడుకు ఎప్పటికప్పుడు కబురు పంపుతుంటాయి. మోచెయ్యి ఎంత వంగింది, మణికట్టు ఎటు తిరిగింది అని. లోపలి చెవి ఏది పైన, ఏది కింద అన్నది చూసుకుంటుంది. చర్మం చెప్పినదాన్ని ఈ కబుర్లతో కలిపితేనే 'ఎటు' తేలుతుంది. కలపడంలో పొరపాటు ఎట్లా జరుగుతుందో చూడాలంటే చూపుడు వేలు మీద మధ్యవేలు మెలేసి, రెండు కొనల మధ్య ఒక శనగ గింజ దొర్లించండి. రెండు గింజలున్నట్టు ఉంటుంది. మెలేసిన సంగతి మీకు తెలుసు, అయినా మెదడు వేళ్లు మామూలు చోటే ఉన్నట్టు లెక్క కడుతుంది. అరిస్టాటిల్ కాలం నుంచీ తెలిసిన ఆట ఇది.

అయితే పుట్టుకతో చూపు లేనివాళ్లూ, నడుమ చూపు పోయినవాళ్లూ ఈ లెక్క ఒకేలా కట్టరు. నారాయణపేట వైపు నా దగ్గర చదివే ఒక అమ్మాయికి పుట్టుకతో చూపు లేదు. వాళ్ల తాత నేత పనిచేసేవాడు, యాభై దాటాక నీటికాసులతో (గ్లకోమాతో) చూపు పోయింది. ఒకసారి వాళ్లింట్లో ఇద్దరినీ కూర్చోబెట్టి, రెండు చేతులూ బల్ల మీద పెట్టించి, ఒక చేతి మీద, వెంటనే రెండో చేతి మీద టకటకా తట్టి ముందు ఏ చెయ్యి అని అడిగాను. ఇద్దరూ సులువుగా చెప్పారు. తర్వాత చేతులు అడ్డంగా, కుడిది ఎడమ పక్కకూ ఎడమది కుడి పక్కకూ వేయించాను. తాత తడబడ్డాడు, చాలాసార్లు తారుమారు చెప్పాడు. పిల్ల మాత్రం ముందులాగే, "గీ చెయ్యి" అని లేపి చూపించింది.

ఇది వాళ్లిద్దరి ముచ్చట మాత్రమే కాదు. చేతులు అడ్డంగా వేస్తే తాకిన వరుస తారుమారుగా తోచడాన్ని 2001లో జపాన్ పరిశోధకులు యమమొతో, కితజావా చూపున్న వాళ్లలో కొలిచారు. తాకిడికీ తాకిడికీ మధ్య సెకనులో మూడో వంతు కన్నా తక్కువ వ్యవధి ఉన్నప్పుడు తేడా బాగా కనిపించింది. 2004లో బ్రిగిట్టె రోడర్, ఆమెతో పనిచేసినవాళ్లు ఇదే పరీక్షను చూపులేని వాళ్లతో చేశారు. నడుమ చూపు పోయినవాళ్లు చూపున్న వాళ్లలాగే తడబడ్డారు, పుట్టుకతో లేనివాళ్లు తడబడలేదు. కళ్లతో పెరిగిన మెదడు ఏ చెయ్యి తాకినా అది బయట ఎటు పక్క ఉందో అడగకుండానే లెక్క కట్టేస్తుంది. చేతులు అడ్డం వేసినప్పుడు ఒంటి లెక్క ఒకటి, బయటి లెక్క ఇంకొకటి చెప్పి రెండూ కొట్లాడుకుంటాయి. పుట్టుకతో చూపు లేనివాళ్లకు 'ఈ చెయ్యి' అన్నంతవరకే పని, అక్కడికి కొట్లాట లేదు.

ఆ తాతకు మగ్గం ఇప్పటికీ తను గుంటలో కూర్చునే చోటు నుంచే తెలుసు. "మగ్గం కాడ కూసుంటే అన్నీ కనవడ్తయి నాకు" అంటాడు. నాడె (అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లేది) ఎటు, ఏ అంచు ఎటు అని అడిగితే తడుముకోకుండా చెయ్యి చాపుతాడు. అదే తెగిన పోగు అతకడానికి అవతలి వైపు వెళ్తే మొదట చెయ్యి తప్పు పక్కకు పోతుంది. మనవరాలికి మగ్గంలో కుడి ఎడమలు లేవు. 'తాత కూసునే దిక్కు', 'గోడ దిక్కు', 'వాకిలి దిక్కు' ఉన్నాయి, అవతలికి వెళ్లినా మారవు. ఆ పిల్లకు దిక్కు తెలియదనుకునే చుట్టాలున్నారు. నాకు మాత్రం తాత పద్ధతి కన్నా ఇదే గట్టిదనిపిస్తుంది.

గట్టి గుర్తులు ఎందుకు కావాలో చెప్పే ఇంకో ప్రయోగం ఉంది, ఇంట్లోనే చేయొచ్చు. బల్ల మీద ఎడమ పక్క దూరంగా ఒక పెన్సిల్, కుడి పక్క దూరంగా ఇంకో పెన్సిల్ పెట్టండి. కళ్లు మూసుకుని ఎడమదాన్ని ఎడమ చేత్తో తడిమి, కుడిదాన్ని కుడి చేత్తో దానికి సమాంతరంగా తిప్పండి. కళ్లు తెరిస్తే నవ్వొస్తుంది. కుడి పెన్సిల్ గడియారం ముల్లు తిరిగే వైపుకు కొంత ఎక్కువ తిరిగి ఉంటుంది. నెదర్లాండ్స్‌లో ఆస్ట్రిడ్ కాపెర్స్ 1990ల చివరి నుంచి దీని మీద ఎన్నో ప్రయోగాలు చేశారు. చెయ్యి పక్కకు చాపినకొద్దీ అరచెయ్యే తిరుగుతుంది, మనం తెలియకుండా ఆ అరచేతినే కొలబద్దగా వాడుకుంటాం. తడిమిన వెంటనే కాకుండా పది సెకన్లు ఆగి తిప్పితే చూపున్న వాళ్లలోనూ, నడుమ చూపు పోయిన వాళ్లలోనూ పొరపాటు తగ్గింది. ఆగితే మరిచిపోతాం కదా, పెరగాలి కదా అనిపిస్తుంది. కానీ ఆ వ్యవధిలో మెదడు చేతి లెక్క వదిలి గది లెక్కకు మారుతుంది. పుట్టుకతో చూపు లేనివాళ్లకు ఆ ఆగడం వల్ల లాభం కనిపించలేదు.

అందుకని మేము పిల్లలకు ముందు బల్ల అంచు పట్టిస్తాం. మ్యాప్ నేర్పేటప్పుడు ఇది తప్పదు. దళసరి అట్ట మీద ఫెవికాల్‌తో పురికొస అంటించి తెలంగాణ సరిహద్దు, ఊలు దారంతో కృష్ణా నది చేస్తాం. కృష్ణ నారాయణపేట జిల్లా తంగిడి దగ్గర మన రాష్ట్రంలోకి వస్తుంది, జూరాల, శ్రీశైలం దాటి నాగార్జునసాగర్ వైపు పోతుంది. పిల్లల వేలు ఆ దారం వెంట పడమర నుంచి తూర్పుకు పోతుంటే, 'మా ఊరు గిక్కడ' అని వాళ్లే ఆపుతారు. అట్ట కింది అంచు బల్ల అంచుకు ఆనించకపోతే ఆ పూట చెప్పింది వృథా. అట్టను గోడకు తగిలిస్తే ఇంకో చిక్కు: బల్ల మీద ఉత్తరం అంటే నా నుంచి దూరంగా, గోడ మీద ఉత్తరం అంటే ఆకాశం వైపు. చూపున్న పిల్లలకు మనం ఇది ఎప్పుడూ వివరించం, వాళ్లు ఎట్లాగో సర్దుకుంటారు. చూపులేని పిల్ల మాత్రం "నల్లగొండ మీదికి ఎగిరిందా మేడం?" అని అడుగుతుంది. న్యాయమైన ప్రశ్న. పైగా వేలు మన వైపుకో, మన నుంచి దూరంగానో జరిగిన దూరం, అంతే దూరం అడ్డంగా జరిగినప్పటికన్నా ఎక్కువగా తోస్తుంది. కాబట్టి మ్యాప్‌లో ఉత్తర దక్షిణాలు సాగినట్టు అనిపిస్తే ఆశ్చర్యం లేదు. అట్టను ఒకసారి పక్కకు తిప్పి మళ్లీ తడమనివ్వండి.

బయట నడిచేటప్పుడు చేతుల కన్నా కాళ్లే ఎక్కువ చెబుతాయి. మన వైపు పాత ఇళ్లలో పరిచే షాబాద్ బండల మధ్య సందులు సాధారణంగా గోడల వెంటే నిలువుగా, అడ్డంగా పోతాయి. చెప్పుల్లేకుండా నడిచే పిల్లలు ఆ సందు మీద మడమ పెట్టి వాకిలి దాకా తిన్నగా వచ్చేస్తారు. ఇంటికి కొత్తగా టైల్స్ వేయించి నున్నగా చేస్తే మొదటి వారం ఇబ్బంది పడేది వాళ్లే. జపాన్‌లో సెయిచి మియాకే 1965లో కనిపెట్టిన పసుపు టైల్స్ ఇదే పని రోడ్డు మీద చేస్తాయి. 1967లో ఒకయామాలో మొదటిసారి పరిచారు. పొడుగు చారలుంటే నడువు అని, బుడిపెలుంటే ఆగు, జాగ్రత్త అని. మన స్టేషన్లలోనూ, కొత్త ఫుట్‌పాత్‌ల మీదా కనిపిస్తున్నాయి. ఒకచోట చారల వరుస తిన్నగా కరెంటు స్తంభంలోకి పోయింది. వేసినవాళ్లకు అది డిజైన్ అనుకోవాలి.

దిక్కుల విషయంలో మన పల్లెలు అదృష్టవంతులు. ఇంట్లో ముసలివాళ్లు ఇప్పటికీ "తూర్పు దిక్కు జరుగు", "ఉత్తరం గోడకు చెంబుంది" అంటారు. అట్లాంటి ఇంట్లో పెరిగిన చూపులేని పిల్ల క్లాసులోకి రాగానే తూర్పు ఎటో తేల్చుకుంటుంది. పొద్దున ఎండ కుడి చెంప మీద పడితే ముఖం ఉత్తరానికి ఉన్నట్టు. మే నెల మిట్టమధ్యాహ్నం మన దగ్గర సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు, అప్పుడు చెంపతో పని కాదు, వెచ్చబడ్డ గోడను ముట్టుకుంటారు. పొద్దున ఎండ తగిలిన గోడ ఏదో తెలిస్తే చాలు. టౌన్ పిల్లలు కుడి ఎడమ మాత్రమే నేర్చుకుని వస్తారు, ఒక్కసారి గిర్రున తిప్పితే గది మొత్తం పోతుంది. మీ ఇంట్లో కూడా రెండూ వాడండి: "నీ కుడి పక్క, తూర్పు దిక్కు."

కర్ర గురించి ఒక్క మాట. పొడవాటి తెల్ల కర్రను అటూ ఇటూ తాకిస్తూ నడిచే పద్ధతిని రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన అమెరికా సైనికుల కోసం రిచర్డ్ హూవర్ రూపొందించాడు. అలవాటయ్యాక రాయి తగిలింది పిడి దగ్గర కాదు, కర్ర కొన దగ్గరే అనిపిస్తుంది. అరచేతి అదురు మాత్రమే తెలుస్తున్నా, మెదడు దాన్ని నాలుగడుగుల ముందుకు నెట్టేస్తుంది. ఏడేళ్లకు మొదలుపెట్టొచ్చు, ఆగక్కర్లేదు. కర్ర నేల నుంచి వాడి ఛాతీ ఎముక దాకా రావాలి, వాడు పెరిగినకొద్దీ మార్చాలి.

మీ ఆట మానొద్దు. రాసేటప్పుడు వాడి వెనక కూర్చోండి, లేదా వాడిని మీ ఒళ్లో వీపు మీ వైపు ఉండేలా కూర్చోబెట్టుకోండి. అప్పుడు అరచేతిలో రాసినా మీ కుడి, వాడి కుడి ఒకటే అవుతాయి. నుదుటి మీద రాయడం పూర్తిగా మానేయండి, లేదంటే ముందే "నీ లోపలి నుంచి చదువు" అనో "నా వైపు నుంచి చదువు" అనో ఒప్పందం చేసుకోండి. మా పిల్లలకు రెండోది భలే సరదా, ఎదుటివాళ్ల చోట నిలబడి ఆలోచించడం అందులోనే వస్తుంది. అంకెల్లో 6, 9 ఒకే రోజు రాయకండి. బ్రెయిలీ మొదలుపెడితే 'హ', 'జ' కూడా ఒకే వారంలో నేర్పొద్దు. స్లేటు, స్టైలస్ కోసం మీ మండలంలోని భవిత కేంద్రంలో అడగండి, మండల విద్యాధికారి (ఎంఈఓ) ఆఫీసులో చెబితే ఎక్కడుందో చూపిస్తారు. వాడు తడిమేటప్పుడు ఏ చేతి ఏ వేలు ముందుకు పోతోందో, రెండు చేతులూ కలిపి వాడుతున్నాడా లేదా చూసి ఇక్కడే రాయండి. దాన్ని బట్టి వరుస ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో చెబుతాను.